పడిసెపు మందులు – ప్రకటనలు – ప్రమాణము

మనుష్యునకు కలుగు రోగములలో పడిసెమంత సామాన్యమైనది వేరొకటి లేదు. రాజునకును కూలివానికిని, పండితునకును పసిబాలునకును అది సమానముగా వచ్చును. మన వైద్యగ్రంథములు దీనిని ప్రతిశ్యాయమని పేర్కొని, దోషభేదములనుబట్టి విభజించి, నిదానమును చికిత్సయు చెప్పినవి. లోకులు దీనినే జలుబనియు, రొంపయనియు, పడిసెమనియు వ్యవహరింతురు. "పడిసెము పది రోగముల పెట్టు" అను సామెత దీని బాధను తెలుపుచుండగా, మందు పుచ్చుకొన్నచో వారమునకును పుచ్చుకొననిచో ఏడు దినములకును నయమగునను హాస్యోక్తి దీని స్వభావమును తెలుపుచున్నది. ఈ రెండు మాటలను కలిపి చూచినచో పడిసెపు మందుల వ్యాపారమునకు మూలమేదో బోధపడును. బాధ నిజమైనది గనుక జనులు మందును వెదకుదురు. అది తనంతట తానే పోవునది గనుక, ఏ మందు నమ్మినవాడైనను గెలుపు తనదేయని చెప్పుకొనగలడు.

తర్కము చదివినవారు కాకతాళీయ న్యాయము నెరుగుదురు. కాకి తాటిచెట్టుపై వ్రాలినది. ఆ క్షణముననే పండు రాలినది. చూచినవాడు కాకియే పండును రాల్చినదనుకొనును. పడిసెపు మందునకు ఈ న్యాయము చక్కగా సరిపడును. రోగి మందుల దుకాణమునకు పోవునది మొదటి తుమ్మునాడు కాదు. ముక్కు మూసికొనిపోయి, తల దిమ్మెక్కి, రాత్రి నిద్రలేక వేసారిన మూడవనాడో నాలుగవనాడో. రోగము శిఖరము చేరు దినములు తరచుగా అవియే. అటుపిమ్మట అది దిగక తప్పదు. దిగుచున్న రోగమును మందే దింపినదని రోగి నమ్మును. నమ్మి పదిమందికి చెప్పును. ఇట్లు కొన్నవాడే అమ్మినవానికి సాక్షి యగుచున్నాడు. మందు పనిచేయలేదని కనిపెట్టినవాడో, తన శరీరతత్త్వమునే నిందించుకొని యూరకుండును. అందుచేతనే పడిసెపు మందుల చరిత్రములో ఆశాభంగము పొందినవారి గొంతు మిక్కిలి యరుదుగా వినబడును. అట్టి గొంతు వినబడిన సందర్భములను కొన్నింటిని, వానివలన లోకమునకు కలిగిన మేలును ఈ వ్యాసమున చెప్పదలచితిమి.

1889వ సంవత్సరాంతమున రష్యా దేశమునుండి వ్యాపించినదని చెప్పబడిన ఇన్‌ఫ్లుయెంజా జాడ్యము ఐరోపాఖండము నంతటిని ముంచివైచెను. ఇంగ్లండులో అది ఒకసారి వచ్చి పోయినది కాదు. కొన్ని యేండ్లు మరల మరల తిరిగివచ్చెను. 1892 జనవరి 14వ తేదీన, విక్టోరియా రాణికి మనుమడును, ఒకనాడు సింహాసన మెక్కవలసినవాడు నగు ఆల్బర్టు విక్టరు రాజకుమారుడు ఆ రోగము ముదిరి ఊపిరితిత్తులకు వాపు రాగా మరణించెను. రోగకారణ మెట్టిదో అప్పటి వైద్యులకు తెలియదు. మనుష్యులలో ఈ జాడ్యమును కలిగించు సూక్ష్మక్రిమిని శాస్త్రజ్ఞులు వేరుపరచుట 1933వ సంవత్సరమునగాని జరుగలేదు. రాజభవనమునకే దిక్కులేనప్పుడు సామాన్యులు వార్తాపత్రికలలోని ప్రకటనలను నమ్ముటలో వింత యేమున్నది?

ఆ కాలమున ఫ్రెడరిక్ అగస్టస్ రో అను నతడు "కార్బాలిక్ పొగబంతి" అను సాధన మొకటి కల్పించి, 1889లో దానికి పేటెంటు పొందెను. అది కార్బాలికామ్లము పట్టించిన పొడి లోపలగల రబ్బరు బంతి. దానికొక చిన్న గొట్టముండును. గొట్టమును ముక్కులో నుంచుకొని బంతిని నొక్కినచో పొడి పొగవలె లేచి నాసారంధ్రములలోనికి పోవును. ముక్కు ధారగా కారును. దాని వెల పది షిల్లింగులు. పొడి తీరిపోయినచో మరల నింపుటకు ఐదు షిల్లింగులు. ఈ బంతి పడిసెమును, దగ్గును, ఉబ్బసమును, గొంతునొప్పిని, తలనొప్పిని, ఇన్‌ఫ్లుయెంజాను, ఇంకను పెక్కు రోగములను పోగొట్టునని ప్రకటింపబడెను.

ఇచ్చట నొక విషయము గమనింపదగియున్నది. కార్బాలికామ్లము ఉత్తది కాదు. 1865వ సంవత్సరము మొదలుకొని జోసెఫ్ లిస్టరు దానితో శస్త్రవ్రణములను శుద్ధిచేసి, కుళ్ళి చావవలసిన రోగుల ననేకులను బ్రదికించెను. ఆ కీర్తి అప్పటికి లోకమంతట వ్యాపించియున్నది. రో దొర చేసినదేమన, గాయముపై పనిచేసిన మందు ముక్కులోనికి ఊదినచో పడిసెముపైన కూడ పనిచేయునని జనులు తలంచునట్లు చేయుట. సంపూర్ణమైన అబద్ధము అంగడిలో ఎక్కువకాలము నిలువదు. ఒక నిజమును ఎరువు తెచ్చుకొని, దానిని పనికిరానిచోట నిలువబెట్టునదే చిరకాలము నిలుచును. ఈ సూత్రమును చదువరులు జ్ఞాపకముంచుకొందురుగాక. ముందు మరల దీని యవసరము కలుగును.

1891 నవంబరు 13వ తేదీన పాల్‌మాల్ గెజెట్టు అను లండను పత్రికలో ఆ కంపెనీవారొక ప్రకటన చేసిరి. అచ్చువేసి యిచ్చిన పద్ధతిచొప్పున దినమునకు మూడుసార్లు, రెండు వారములపాటు బంతిని వాడిన పిమ్మట ఇన్‌ఫ్లుయెంజాగాని, పడిసెముగాని, చలివలన కలుగు మరియే రోగముగాని ఎవరికి వచ్చినను వారికి 100 పౌనులు బహుమాన మిచ్చెదమనియు, తమ చిత్తశుద్ధికి గుర్తుగా 1,000 పౌనులు ఒక బ్యాంకులో నిలువయుంచితిమనియు అందులోని సారాంశము.

లూయీసా ఎలిజబెత్తు కార్లిల్ అను నామె ఆ ప్రకటనను చూచి, నవంబరు 20వ తేదీన ఒక మందులంగడిలో బంతిని కొనెను. ఆనాటినుండి దినమునకు మూడుసార్లు తప్పక వాడెను. రెండు వారములు కాదు, దాదాపు రెండు నెలలు వాడెను. 1892 జనవరి 17వ తేదీన, రాజకుమారుడు మరణించిన మూడవనాడు, ఆమెకు ఇన్‌ఫ్లుయెంజా వచ్చెను. ఆమె భర్త న్యాయవాదవృత్తి నభ్యసించినవాడు. అతడు కంపెనీవారికి జాబు వ్రాసెను. వారు మొదట పలుకలేదు. పలుమారులు వ్రాసినమీదట, మోసపు కోరికలను నివారించుకొరకు ఆమె దినమునకు మూడుసార్లు తమ కచేరికి వచ్చి, తమ కార్యదర్శి కన్నులయెదుట బంతిని వాడవలెనని ప్రత్యుత్తర మిచ్చిరి! ప్రకటనలో లేని షరతు బహుమాన మడిగినప్పుడు పుట్టినది. దంపతులు న్యాయస్థానమునకు పోయిరి.

కంపెనీపక్షమున మొదటి విచారణలో వాదించినవారిలో, తరువాత ఇంగ్లండునకు ప్రధానమంత్రియైన ఆస్క్విత్తు ఒకడు. వారి వాదములు చిత్రమైనవి. ప్రకటన అనునది అంగడివాని గొప్పలేగాని ప్రతిజ్ఞ కాదట. లోకమందరితో ఒడంబడిక చేసికొనుట అసంభవమట. ఆమె తన యంగీకారమును తమకు తెలుపలేదట. ఇదియొక పందెమువంటిదట, పందెములు చట్టరీత్యా చెల్లవట. ఎన్నినాళ్ళలోపల రోగము రావలెనో చెప్పలేదు గనుక మాటకు స్థిరత్వము లేదట. మొదటి న్యాయాధిపతి హాకిన్సు వీనినన్నిటిని తోసివైచి ఆమెకు 100 పౌనులు ఇప్పించెను. కంపెనీవారు అప్పీలుచేయగా, 1892 డిసెంబరు 7వ తేదీన లిండ్లీ, బొవెన్, ఏ. ఎల్. స్మిత్తు అను మువ్వురు న్యాయాధిపతులు ఏకగ్రీవముగా ఆమెనే గెలిపించిరి.

వారి తీర్పునందలి హేతువులు మిక్కిలి సులభమైనవి. వట్టి గొప్పలే చెప్పదలచినవాడు బ్యాంకులో వేయి పౌనులు వేసితినని చెప్పనేల? చెప్పెనేని, జనులు దానిని నమ్మవలెననియే చెప్పినాడు. ఒకడు తప్పిపోయిన కుక్కను తెచ్చి యిచ్చినవారికి బహుమాన మిత్తునని ప్రకటించినప్పుడు, కుక్కను వెదకువాడు ముందుగా జాబు వ్రాసి అంగీకారము తెలుపనక్కరలేదు. కుక్కను తెచ్చుటయే అంగీకారము. అట్లే, చెప్పినరీతిగా బంతిని వాడుటయే ఆమె అంగీకారము. ఈ ధర్మము మన దేశమునకు క్రొత్తది కాదు. ఈ వ్యాజ్యెమునకు ఇరువదియేండ్లు ముందుగనే, 1872వ సంవత్సరపు భారత ఒడంబడికల చట్టమునందలి 8వ సెక్షను, ప్రతిపాదనలోని షరతులను నెరవేర్చుటయే అంగీకారమగునని శాసించియున్నది. నేటికిని మన న్యాయకళాశాలలలో విద్యార్థులు ఒడంబడికల చట్టమును మొదలుపెట్టునప్పుడే కార్లిలమ్మ పొగబంతిని చదువుదురు.

కాని ఆ విద్యార్థులకు తరచుగా తట్టని విషయ మొకటి కలదు. ఆ న్యాయస్థానములలో ఎక్కడను, బంతి నిజముగా పడిసెమును ఆపునా ఆపదా అను ప్రశ్న విచారణకు రాలేదు. దానితో పనియే లేకపోయెను. "నీవు మాట యిచ్చితివి, ఆమె షరతు చెల్లించినది, రోగము వచ్చినది, కావున సొమ్మిమ్ము" అనుటయే తీర్పు. మాటను నిలుపుకొనవలెనని చట్టము చెప్పినది. మాట నిజమై యుండవలెనని చెప్పలేదు. ఫలితమేమి? రో దొర వ్యాపారము మానలేదు. క్రొత్త కంపెనీ నొకదానిని స్థాపించి, 1893లో మరల ప్రకటన చేసెను. ఈసారి బహుమానము 200 పౌనులు. షరతులు మాత్రము కట్టుదిట్టములు. పైగా వేలకొలది బంతులు అమ్ముడుపోగా బహుమాన మడిగినవారు మువ్వురేయని, ఓటమినే ఘనతగా చెప్పుకొనెను. తక్కినవారు మనము పైన చెప్పిన మౌనసాక్షులు. ఆ కంపెనీ కొలదియేండ్లకే మూతపడెను. కార్లిలమ్మ మాత్రము దీర్ఘాయుష్మంతురాలై 1942లో తన 96వ యేట మరణించెను. ఆమె మరణకారణములలో వార్ధక్యముతోపాటు ఇన్‌ఫ్లుయెంజా కూడ వ్రాయబడియుండుట విధివిలాసము.

ఇక అమెరికా సంగతి. అచ్చట ముక్కుకారు రోగములన్నిటిని "కెటార్" అను ఒకే పేరున పిలిచి, దానికి మందులు అమ్మువారు కోటీశ్వరులైరి. ఒహైయో రాష్ట్రమునందు హార్ట్‌మన్ అను వైద్యుడు అమ్మిన "పెరూనా" వీనిలో మిక్కిలి ప్రసిద్ధము. సర్వరోగములును కెటారే యని అతని సిద్ధాంతము. కెటారునకు పెరూనాయే మందని ఉపసిద్ధాంతము. అందు నూటికి దాదాపు 28 పాళ్ళు సారాయి. త్రాగినవారికి ముక్కు సంగతి యెట్లున్నను మనస్సునకు హాయిగానే యుండెను! అదే రాష్ట్రమున చెనీ అను వర్తకుడు "హాల్ కెటార్ క్యూర్" అను మందును అమ్ముచు, దానిచే కుదురని కెటారును చూపినవారికి 100 డాలర్లు బహుమానమని ప్రకటించుచుండెను. సముద్రమున కావలియొడ్డున పొగబంతికి తోబుట్టువన్నమాట.

1905వ సంవత్సరమున సామ్యూల్ హాప్‌కిన్స్ ఆడమ్సు అను పత్రికారచయిత కోలియర్సు వారపత్రికలో ఈ మందుల గుట్టు బయటపెట్టెను. మందులలో నేమున్నదో చెప్పుట అందులో సగము. అంతకంటె ముఖ్యమైనది, ఇంతకాలము ఎవరును ఏల చెప్పలేదో ఆ పత్రిక చెప్పుట. మందుల వర్తకులు పత్రికలతో చేసికొన్న ప్రకటనల ఒడంబడికలలో ఎఱ్ఱసిరాతో ఒక వాక్యము అచ్చువేయుచుండిరి. ఆ రాష్ట్రమున తమ మందులకు ప్రతికూలమైన చట్టమేదైన వచ్చినచో ప్రకటనల ఒడంబడిక రద్దగునని దాని తాత్పర్యము. ఈ యుపాయమును కనిపెట్టినవాడు పైన చెప్పిన చెనీయే. తన పత్రిక బ్రదుకవలెనన్న ప్రతి సంపాదకుడును మందుల వర్తకుని పక్షమున చట్టసభలపై ఒత్తిడి తేవలసినవాడాయెను. జనులు మోసపోవుచుండగా పత్రికలు మౌనము వహించుటకు కారణము అజ్ఞానము కాదు, ఆదాయము.

1906లో అమెరికాలో శుద్ధాహారౌషధ చట్టము వచ్చెను. కాని 1911లో అచ్చటి సర్వోన్నత న్యాయస్థానము, ఆ చట్టము మందులోని వస్తువులనుగూర్చిన అబద్ధములనే నిషేధించినదిగాని, రోగము కుదురునను అబద్ధమును నిషేధింపలేదని తీర్పు చెప్పెను. 1912లో దానిని సవరించిరి. అయినను మోసగించు తలంపు ఉన్నదని రుజువుచేయవలసి వచ్చెను. 1937లో విషద్రావకము కలిపిన ఔషధ మొకటి త్రాగి నూరుమందికి పైగా మరణించినమీదట, 1938లో మందు అపాయకరము కాదని ముందుగా చూపవలెనను చట్టము వచ్చెను. మందు పనిచేయునని ముందుగా రుజువుచేయవలెనను నియమము 1962లోగాని రాలేదు. మాట నిలుపుకొనుట, లోపల నేమున్నదో చెప్పుట, చంపకుండుట, పనిచేయుట అను ఈ నాలుగు మెట్లెక్కుటకు లోకమునకు డెబ్బది సంవత్సరములు పట్టినది. అన్నిటికంటె సామాన్యమైన ప్రశ్న అన్నిటికంటె చివర అడుగబడుట విచారింపదగినది.

ఆ ప్రశ్న అడిగిన పిమ్మటనైనను చిక్కు తీరినదా యన, తీరలేదు. చీనాదేశమున ప్రాచీనకాలమునుండి వాడబడుచున్న "మాహువాంగ్" అను ఓషధినుండి 1885లో జపానుదేశీయుడగు నాగాయి ఎఫిడ్రిన్ అను సారమును తీసెను. దాని జ్ఞాతియగు సూడోఎఫిడ్రిన్ ముక్కులోని రక్తనాళములను ముడుచుకొనజేసి ఊపిరికి దారి యిచ్చును. కాని దానినుండి మత్తుపదార్థమును వండుకొనువారు బయలుదేరగా, 2006లో అమెరికా ప్రభుత్వము దానిని దుకాణపు అరలలోనుండి తీసి, బల్లవెనుకనుంచి లెక్కచూచుకొని అమ్మవలెనని కట్టడిచేసెను. వర్తకులు దాని స్థానమున ఫినైలెఫ్రిన్ అను మందును పెట్టిరి. పెట్టెల రంగులు, పేర్లు చాలవరకు పాతవే. లోపలి వస్తువు మాత్రము క్రొత్తది.

ఫినైలెఫ్రిన్ ఉత్తమందు కాదు. ముక్కులో చుక్కలుగా వేసినచో రక్తనాళములు ముడుచుకొనును. శస్త్రచికిత్సలో రక్తపుపోటు పడిపోయినప్పుడు నరములలోని కెక్కించినచో పోటు పెరుగును. కాని మ్రింగినచో వేరు కథ. ప్రేవుల గోడలలోను కాలేయములోను ఉన్న పాచకద్రవ్యములు దానిని దారిలోనే విరిచివేయును. నూటికి 38 పాళ్ళు రక్తమున చేరునని వెనుక చెప్పుచుండెడివారు. సూక్ష్మతరములైన కొలతలలో చెడక చేరునది నూటికి ఒక పాలుకంటె తక్కువయని తేలినది. అనగా బిళ్ళలోని పది మిల్లీగ్రాములలో ముక్కునకు అందునది మిక్కిలి అల్పము. గాయముపై పనిచేసిన కార్బాలికామ్లమును ముక్కునకు తెచ్చినట్లే, ముక్కులో పనిచేసిన మందును కడుపునకు తెచ్చిరి. మేము పైన జ్ఞాపకముంచుకొనుడని కోరిన సూత్ర మిదియే.

1976లో అమెరికా ప్రభుత్వపు నిపుణుల సంఘమొకటి, అప్పటికి లభించిన పరీక్షలనుబట్టి ఈ బిళ్ళ పనిచేయునని యొప్పుకొనెను. 1994లో అది ఖాయమైనది. ఫ్లారిడా విశ్వవిద్యాలయపు ఔషధశాస్త్రజ్ఞులగు హెండెలెస్, హాటన్ అను నిరువురు ఆ పాతపరీక్షలను మరల తెరచి చూచిరి. మిక్కిలి అనుకూలములైన ఫలితములు ఎక్కువగా ఒకే ప్రయోగశాలనుండి వచ్చినవనియు, ఇతరచోట్ల అట్లు రాలేదనియు కనుగొనిరి. 2007లో ప్రభుత్వమునకు అర్జీ పెట్టుకొనిరి. 2015లో మరల పెట్టుకొనిరి. ఎట్టకేలకు 2023 సెప్టెంబరులో నిపుణుల సంఘము సమావేశమై, మ్రింగు ఫినైలెఫ్రిన్ ముక్కుదిబ్బడకు పనిచేయునని చెప్పుటకు ఆధారము లేదని 16 మందియు ఏకగ్రీవముగా తీర్మానించిరి. 2024 నవంబరులో దానిని అంగీకృత ఔషధముల పట్టికనుండి తొలగింతుమని ప్రభుత్వము ప్రతిపాదించెను. ఒక్క 2022వ సంవత్సరముననే ఆ దేశమున ఈ మందుగల పెట్టెలు, సీసాలు ఇరువదినాలుగు కోట్లకు పైగా అమ్ముడుపోయినవి. వాని వెల 176 కోట్ల డాలర్లు. కార్లిలమ్మకు 100 పౌనులైన దక్కినవి. వీరిలో ఎవరికిని ఏమియు దక్కలేదు; ఏలయన ఈసారి ఎవరును బహుమానము ప్రకటింపలేదు.

మన దుకాణములలో అమ్మబడు జలుబు బిళ్ళలలో పెక్కింటియందు పారాసిటమాలు, క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ ఈ మూడును కలిసియుండును. గడచిన వానకాలమున మేమును అట్టి బిళ్ళలను కొని, అట్టపై చెప్పినట్లు రెండుదినములు వాడితిమి. ఒళ్ళునొప్పులు తగ్గినవి, అది పారాసిటమాలు చేసిన మేలు. పాఠము చెప్పుచుండగా కునుకు వచ్చినది; అది క్లోర్‌ఫెనిరమిన్ ప్రభావము. ఏ ముక్కుదిబ్బడకై కొంటిమో అది మాత్రము కదలలేదు. దుకాణదారు నడుగగా, "మాస్టారూ, అందరూ ఇదే అడిగి తీసుకుంటున్నారండీ" అని బదులు చెప్పెను. అతనిని తప్పుపట్టుటకు లేదు. పదిమంది కొనుటయే అతనికి ప్రమాణము. అయితే లోకములో ముప్పాతికమంది నడచుచున్న ప్రమాణము కూడ అదియే.

"పనిచేసినదని నాకు అనుభవమున్నది, అనుభవమునకు మించిన ప్రమాణమేమి?" అని కొందరు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్న. దీనికి 1938లో ప్రకటింపబడిన యొక పరీక్ష సమాధానము చెప్పుచున్నది. మినెసోటా విశ్వవిద్యాలయమున డీల్ అను వైద్యుడు, తరచుగా పడిసెము పట్టు విద్యార్థులను చేరదీసి, కొందరికి పడిసెపు టీకామందును, కొందరికి మందులేని ద్రవమును సూదితో నిచ్చెను. ఎవరికేది యిచ్చినది విద్యార్థులకు తెలియదు. టీకా పొందినవారు, గతసంవత్సరముకంటె తమకు పడిసెములు సగమునకు పైగా తగ్గినవనిరి. ఆ మాట ఒక్కటియే వినియుండినచో టీకా దివ్యౌషధమై యుండెడిది. కాని వట్టి ద్రవము పొందినవారును తమకు సగమునకు పైగా తగ్గినవనియే చెప్పిరి! వీరిలో ఎవరును అబద్ధమాడలేదు. అనుభవము నిజమే, దానికి చెప్పుకొన్న కారణము నిజము కాదు. ప్రత్యక్షము ప్రమాణమే; కాని "తగ్గినది" అనుట ప్రత్యక్షము, "మందువలన తగ్గినది" అనుట అనుమానము. అనుమానమునకు హేతువు కావలెను, హేతువును పరీక్షించుటకు మందు లేనివారితో పోల్చి చూడవలెను.

పుదీనాపువ్వు సంగతి దీనికి మరియొక నిదర్శనము. దానిని వాసన చూచినంతనే ముక్కు తెరచుకొన్నట్లు తోచును. కొలిచి చూడగా ముక్కులో పోవు గాలి పెరుగలేదని పరిశోధకులు కనుగొనిరి. పుదీనాపువ్వు చలువ నెరుగు నరములను తట్టి, గాలి చల్లగా పోవుచున్నదను భావమును కలిగించును. ఆ హాయికొరకే వాడువాడు మోసపోలేదు. రోగమునే పోగొట్టుచున్నదని నమ్మువాడు మోసపోవును.

ఈ ప్రస్తావనలో తెలుగువారు మరువరాని యొక సంగతి కలదు. 1893లో బొంబాయిలో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు అమృతాంజనమును స్థాపించిరి. ఆ తలనొప్పి లేపనముపై వచ్చిన ధనముతోనే 1908లో ఆంధ్రపత్రికయు, 1924లో భారతియు వెలసినవి. అమెరికాలో మందుల సొమ్ము పత్రికల నోరు కట్టగా, ఇచ్చట మందు సొమ్ము ఒక భాషకు నోరిచ్చినది. ధనము స్వతః చెడ్డది కాదనియు, దానిని తెచ్చినవాని బుద్ధినిబట్టి ఫలముండుననియు దీనివలన తెలియుచున్నది. అయినను ప్రకటనలపై బ్రదుకు పత్రికకు ఎఱ్ఱసిరా వాక్యము కంటికి కనబడకుండ ఎప్పుడును వెంటనే యుండును. సంపాదకులు దానిని గమనించుకొనవలెను.

మన దేశమున 1930లో కర్నల్ చోప్రాగారి అధ్యక్షతన ఔషధవిచారణసంఘ మేర్పడినది. దాని ఫలితముగా 1940లో ఔషధచట్టము వచ్చినది. మహిమగల మందులని చెప్పి రోగులను వంచించు ప్రకటనలను నిషేధించుచు 1954లో వేరొక చట్టము వచ్చినది. 2023 డిసెంబరులో, క్లోర్‌ఫెనిరమిన్ ఫినైలెఫ్రిన్ కలిపిన మందును నాలుగేండ్లలోపు పిల్లలకు వాడరాదని అట్టపై వ్రాయవలసినదిగా ఔషధనియంత్రణాధికారి ఆదేశించెను. చట్టములు లేవని మనము చింతింపనక్కరలేదు. అట్టపై వ్రాసినదానిని చదువువారు లేరని చింతింపవలెను.

చిన్నబిళ్ళకు ఇంత విచారమేలయని ఎవరైన ననవచ్చును. దినకూలిపై బ్రదుకువాడు తన సంపాదనలో కొంత తీసి ఆ బిళ్ళను కొనుచున్నాడు. దానివలన గుణము కనబడనిచో ఊరకుండడు. అంతకంటె "గట్టి మందు" ఇమ్మని యడుగును. ఆ గట్టిమందు తరచుగా యాంటీబయాటిక్కు అగుచున్నది. పడిసెమును కలిగించునవి వైరసులు. వానిలో రైనోవైరసు జాతులే నూటయరువదికి పైగా నున్నవి. యాంటీబయాటిక్కులు బాక్టీరియాలపై పనిచేయునుగాని వైరసులపై పనిచేయవు. పనిలేనిచోట వాడగా వాడగా, నిజముగా కావలసిననాడు, బాలెంతరాలి జ్వరమునకో పసివాని ఊపిరితిత్తుల వాపునకో, అవి పనిచేయని స్థితి వచ్చుచున్నది. వట్టి బిళ్ళవలని నష్టము ఆ బిళ్ళ వెలతో తీరిపోవునది కాదు. ఇంగ్లండులో సాల్సుబరీ సమీపమున 1946 మొదలు నలువదియేండ్లకు పైగా, వేలకొలది మంది తమంతట తాము పడిసెము పట్టించుకొనగా పరిశోధనలు చేసిరి. పడిసెమునకు మందు మాత్రము దొరకలేదు. దొరకలేదని నిజము చెప్పిన ఆ శాస్త్రజ్ఞుల మాట, దొరకినదని చెప్పిన వేయి ప్రకటనలకంటె గౌరవింపదగినది.

ఉపాధ్యాయుల మగుటచే మాకు తోచిన యుపాయము పాఠశాలకు సంబంధించినది. పై తరగతుల పిల్లలచేత నెలకొకసారి యొక మందు ప్రకటనను తరగతిలో చదివించి, మూడు ప్రశ్నలు వేయించవలెను. ఇందులో నేమున్నది? ఇది పుచ్చుకొననివారితో పోల్చి చూచిరా? దీనిని పొగడువానికి దీనివలన లాభమెంత? తర్కసంగ్రహము చదువనక్కరలేదు, ఈ మూడు ప్రశ్నలు చాలును. పడిసెము వచ్చిన పిల్లవాడు విశ్రాంతి తీసికొని, వేడినీరు త్రాగి, తుమ్మునప్పుడు నోటికి గుడ్డ యడ్డము పెట్టుకొని, చేతులు కడుగుకొనిన చాలును. ఆయాసముగాని, తగ్గని జ్వరముగాని కలిగినచో అంగడికి గాక వైద్యునియొద్దకు పోవలెను. ఈ మాత్రము తెలిసిన పిల్లవాడు ఇంటికి పోయి తల్లిదండ్రులకు చెప్పును. చట్టము నాలుగు మెట్లెక్కుటకు డెబ్బదియేండ్లు పట్టినది; తరగతిలో ఒక ప్రశ్న పుట్టుటకు ఒక గంట చాలును.